మిగిలిన వేళ్లు

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. తెల్లచీర, ఒళ్లో బైబిలు, గుప్పిట్లో గోళ్లు తీసే కట్టరు. మధ్యాహ్నపు ఎండకు బస్సంతా ఉడికిపోతోంది. నా నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దంది.

“ఈస్టరు ముందటి శ్రమదినాలప్పా. పొద్దు మునిగేదాంకా ఏమీ ముట్టను. ఉపవాసమొకటే చాలదు, ఏమన్నా ఇడిసిపెట్టల్ల అని పాస్టరయ్య చెప్పినాడు. వాన లేక పంటే పాయె, ఇంగ ఇడిసేకి మా కాడ ఏముండాది? అందుకే పెద్దాసుపత్రికి పోయి, ఎవరూ లేనోళ్ల గోళ్లు తీసొస్తాండా.”

ఆత్మకూరు దాటాక తనే చెప్పింది.

“ఈపొద్దు ఒక ముసలాయన. ఎడంచెయ్యి అయిపోయి కుడిచెయ్యి పట్టుకుంటి. రెండు వేళ్ల గోళ్లు తీసేతలికి పాణం పోయింది. నర్సమ్మ చాల్లే లెయ్యమనె.”

“లేచినారా?”

“యాడ లేచేదప్పా? మిగిలినవీ తీసినా. చెయ్యి ఇంకా యెచ్చగానే ఉండె.”

కిటికీ అవతల బీడు చేలు. “రేపు కూడా పోతారా?” అన్నాను.

“పోవల్ల గదా. ఆ మంచం మీద రేపటికి ఇంగొకరుంటారు.”

తన ఊరు రాగానే లేస్తూ ఆసరాకు నా చెయ్యి పట్టుకుంది. కండక్టరు దిగమని అరుస్తున్నా, బొటనవేలితో నా గోళ్లను ఒక్కొక్కటే తడిమి చూసి, అప్పుడు వదిలింది.

బస్సు కదిలింది. నా వేళ్లకు ఫినాయిలు వాసన. తుడుచుకుందామని జేబురుమాలు తీశాను గానీ, ఆ చెయ్యి అంతకుముందు ఎవరిని పట్టుకుందో గుర్తొచ్చి మళ్లీ మడిచి పెట్టేశాను.