మసి కాగితం మీద అడుగులు

మా అమ్మను వీధిలో అందరూ మసక్క అనేవాళ్ళు. ఉతికిన చీర కట్టుకున్నా సరే, మోచేతి దగ్గర ఎక్కడో ఒక నల్లమచ్చ ఉండేది. భూకంపాలను పసిగట్టే కార్యాలయంలో కాగితాలకు మసి పట్టించడం ఆవిడ ఉద్యోగం. "చదువుకున్నది మసి పుయ్యడానికా!" అని మా పిన్ని ఎకసెక్కాలాడేది. పిన్నికి నోరెక్కువ, బుర్ర తక్కువ.

అక్కడున్నదంతా ఒక్క యంత్రం. ఇనుప చట్రం, దానికి వేలాడే పెట్టె, పెట్టె నిండా సీసం దిమ్మలు. భూమి కదిలితే చట్రమూ కదులుతుంది. బరువైన పెట్టె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నచోటే ఉంటుంది. ఆగిన బస్సు ఒక్క ఊపున బయల్దేరితే మన ఒళ్ళు వెనకే ఉండిపోదూ, అలాగన్నమాట. ఆ చిన్న తేడాను పొడవాటి మీటలు పెద్దది చేసి సూదికి అందిస్తాయి. సూది కింద గడియారపు చక్రాలతో తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన మసి కాగితం. సూది మసిని గీకితే తెల్లటి గీత పడుతుంది. సిరా కలం పెడితే దాని రాపిడికే చిన్న కదలిక కాస్తా చచ్చిపోతుంది. మసి మందమైతే సూదికి అడ్డుపడుతుంది, పలచనైతే గీత కనబడదు. కిరోసిన్ దీపం పొగలో కాగితం తిప్పుతున్నంతసేపూ అమ్మ ఊపిరి బిగబట్టేది. గీతలు పడ్డాక దాన్ని లక్క ద్రావణంలో ముంచి ఆరబెడితే ఇక మసి చెదరదు.

మా ఇల్లు ఆ గదిని ఆనుకునే ఉండేది. చీమ చిటుక్కుమన్నా పట్టేసే యంత్రం పక్కన కాపురం! అందరం పిల్లుల్లా నడిచేవాళ్ళం. నాన్న లారీ తోలుతూ ఊళ్ళు తిరిగేవాడు. ఇంట్లో నానమ్మ, అమ్మ, నేను.

నేను కాలేజీలో చేరిన ఏడు నానమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది. "ఇప్పుడు నడవకపోతే ఇక ఎప్పటికీ నడవలేరు" అన్నాడు డాక్టరు. కానీ మొదటిసారి లేచినప్పుడే నానమ్మ పక్కింటావిడ ఎదుట కూలబడింది. అంతే, మంచం దిగనంది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"నాలుగడుగులు వెయ్యండి అత్తయ్యా, నేను పట్టుకుంటాగా."

"నువ్వు పట్టుకోవడం, నలుగురూ చూసి నవ్వడం! నాకా భాగ్యం వద్దులే. పో, నీ మసి నువ్వు చూసుకో."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. కన్నతల్లి చిన్నప్పుడే పోయింది, ఆవిడకి అమ్మైనా అత్తైనా నానమ్మే.

ఒకరోజు ఆఫీసరుగారు ఆరిన కాగితాలు పట్టుకుని అమ్మను పిలిచారు. గీతలో రోజూ ఒకే వేళకి చిన్న చిన్న గంట్లు.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవరు గంతులేస్తున్నారు?"

"ఎవరూ లేరండి. పిల్ల కాలేజీకి పోతుంది, నేను బజారుకెళ్తాను. మా అత్తగారు మంచం దిగరు."

"భూమి మీరు బజారుకెళ్ళే వేళ చూసుకుని కదలదు కదమ్మా!" ఆయన నవ్వారు. "మనిషి దగ్గరికొచ్చేకొద్దీ గంటు పెద్దదవుతుంది. మొన్న ఇంతే, నిన్న ఇంకాస్త. ఎవరో మన గోడవైపే నడుస్తున్నారు."

అమ్మ ఆ కాగితాన్ని గుండెకి హత్తుకుంది.

మర్నాడు సంచీ తీసుకుని, "కూరగాయలకి వెళ్ళొస్తా అత్తయ్యా, ఆలస్యమవుతుంది" అని గట్టిగా చెప్పి, వీధి తలుపు వేసి, చుట్టూ తిరిగి యంత్రం గదిలో దూరింది. కదలకుండా నిలబడింది. సూది సాఫీగా గీస్తోంది. కాసేపటికి చిన్నగా వణికింది. మళ్ళీ వణికింది. ప్రతి అడుగు పక్కనా ఒక సన్నటి గంటు, అది డాక్టరు ఇచ్చిన చేతికర్రది. "ఇంకొక్కటి అత్తయ్యా, ఇంకొక్కటి" అని అమ్మ గొణుక్కుంటోంది. గంట్లు పెద్దవయ్యాయి. నానమ్మ గోడ అవతలికి వచ్చేసింది.

అప్పుడు సూది ఒక్కసారిగా ఎగిరిపడింది. ఆ తర్వాత మళ్ళీ కదల్లేదు.

అత్తయ్య పడిపోయారనుకుని అమ్మ సంచీ అక్కడే పారేసి పరిగెత్తింది.

నానమ్మ పడలేదు. దేన్నీ పట్టుకోకుండా గది చివర నిలబడి ఉంది. చేతికర్ర నేలమీదుంది.

"అత్తయ్యా! కర్ర పడిపోయిందా?"

"పడిపోలేదే, పడేశాను. అడ్డంగా ఉంది. కూరగాయలేవీ?"

అమ్మ ఏడుస్తూ నవ్వింది.

"ఏడుపెందుకే? నా చెప్పులు తీసుకురా. బజారుకి నేనూ వస్తా. నవ్వేవాళ్ళని నవ్వుకోనీ."

ఆ రోజు కాగితం మీద ఆఫీసరుగారు "భూకంపం కాదు" అని రాసి అమ్మకే ఇచ్చేశారు. నానమ్మ అడుగుల పక్కనే అమ్మ పరుగు కూడా పడింది దానిమీద. ఎన్నేళ్ళున్నా చెరిగిపోకూడదని అమ్మ దాన్ని లక్కలో రెండుసార్లు ముంచింది.