సైదులన్న స్తంభం మీద ఉన్నప్పుడు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేరాక, మనిషి భయపడాల్సింది కరెంటుకే అని ఇంకా గట్టిగా అనుకున్నాను. అందుకే ఈ సంగతి ఆ రోజు అక్కడున్నవాళ్లకు, మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

మా సబ్‌స్టేషన్ నకిరేకల్‌కు కొద్ది దూరంలో ఉంటుంది. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. మాకు కరెంటు తెచ్చే పెద్ద లైను స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కరెంటు పోయింది.

ఇలాంటప్పుడు పక్క సబ్‌స్టేషన్ ఆదుకుంటుంది. అరగంటలో కట్టంగూర్ వైపు నుంచి మాకు కరెంటు అందించారు. కానీ మా దగ్గర్నుంచి పిల్లల దవాఖానకు వెళ్లే లైను రెండు చోట్ల తెగి ఉంది. అక్కడ నెలలు నిండకుండా పుట్టిన ఇద్దరు పసికందులు అద్దాల పెట్టెల్లో ఉన్నారు. జనరేటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని నర్సు ఫోన్ చేసింది. తొందరగా కరెంటు ఇవ్వమని బతిమాలింది.

ఒకచోట రోడ్డు పక్క ఒక జట్టు పనికి దిగింది. రెండోచోట, చెలకల మధ్య, సైదులన్న స్తంభం ఎక్కాడు. యాభై దాటిన లైన్‌మన్. గాలి తగ్గలేదు, జల్లు పడుతూనే ఉంది. కింద అతని జోడీ మల్లయ్య నిలబడ్డాడు. ఎంతసేపు పడుతుందని మల్లయ్య అడిగితే, చూస్తూ ఉండమన్నాడట సైదులన్న.

నాలుగు దాటాక రోడ్డు పక్క జట్టు నుంచి ఫోన్ వచ్చింది. అందరం దిగినం, కరెంటు ఇయ్యమన్నారు. అందరం అంటే వాళ్ల జట్టు అని. నేను రెండు చోట్లా అనుకున్నాను. తప్పు నాదే. నర్సు గొంతే చెవుల్లో మోగుతోంది. స్విచ్ మీద చెయ్యి వేశాను.

బల్ల మీది ఫోన్ మోగింది. ఎడమ చేత్తో ఎత్తాను.

"చెల్లె, జర ఆగు. నేనింకా పైననే ఉన్న."

సైదులన్న గొంతే. వెనక గాలి హోరు కూడా వినిపించింది. స్విచ్ మీంచి చెయ్యి తీసేసి, నా సెల్ నుంచి మల్లయ్యకు చేశాను. ఇంకా ఒక తీగ మిగిలిందని, అన్న పైనే ఉన్నాడని చెప్పాడు.  స్విచ్‌కు దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

పది నిమిషాలకు సైదులన్న దిగి, మల్లయ్య ఫోన్‌లో తనే మాట్లాడి ఇయ్యమన్నాడు. ఇచ్చాను. మిషన్లు నడుస్తున్నాయని నర్సు చెప్పేదాకా సెల్ కింద పెట్టలేదు.

సాయంత్రం రిజిస్టర్‌లో సంతకానికి వచ్చాడు సైదులన్న. తడిసి ముద్దయి ఉన్నాడు, అరచేతులు ఒరుసుకుపోయాయి. ఫోన్ చేసి నన్ను ఆపినందుకు దండం పెట్టాను. వింతగా చూశాడు.

"రెండు చేతుల తీగలు వట్టుకొని ఫోనెట్ల జేస్త చెల్లె?"

అతని ఫోన్ పొద్దంతా మల్లయ్య జేబులోనే ఉంది. చార్జింగ్ లేక అదెప్పుడో ఆగిపోయింది. అప్పుడు లేచి బల్ల మీది ఫోన్ ఎత్తి చూశాను. చప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాని తీగ తెంపేశారు, రెండేళ్లుగా అది పనిచేయడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. మోగినప్పుడు మాత్రం తట్టనే లేదు.

కలగన్నానేమో అనుకుందామంటే, అప్పుడు వరండా ఊడుస్తున్న మా స్వీపర్ లక్ష్మమ్మ కూడా అది మోగడం విన్నది.

 సైదులన్న మెల్లగా చెప్పాడు. "ఆఖరి తీగ కాడ ఒక్కపారి గుండె జల్లుమన్నది. చెల్లె తొందరపడ్తదేమో, జర ఆగితే మంచిగుంటది అనుకున్న. మనసుల అనుకున్న, గంతే."

ఆ ఫోన్ ఎలా మోగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. సైదులన్న మాత్రం మళ్లీ దాని ఊసెత్తలేదు. ఆ సాయంత్రం దవాఖానల పిల్లలు మంచిగున్నరా అని అడిగాడు. ఉన్నారని చెప్పాను. మోత్కూర్ వైపు ఇంకో లైను పడిపోయిందట. తడి బట్టలతోనే బండెక్కి వెళ్లిపోయాడు.