రేడియోలో మహబూబ్ డోలక్

బందరులో మా వీధికి వెనకగా ఒక కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా అందులోంచి ధప్, ధప్ మని చప్పుడు వస్తూనే ఉంటుంది. చెక్క అచ్చును రంగులో అద్ది, బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టి, అరచేతి కిందిభాగంతో ఒక్క దెబ్బ వేస్తారు. ఎత్తి పక్కన పెడతారు, మళ్ళీ దెబ్బ. అంతమంది అద్దేవాళ్ళలోనూ మహబూబ్ చప్పుడు వేరుగా తెలిసేది. మిగతావాళ్ళు అచ్చు పెట్టగానే కొట్టేవారు. అతను పెట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కొట్టేవాడు.

"తొందరపడితే అచ్చు జరుగుద్ది చెల్లెమ్మా. అది కుదురుకోవాలి" అన్నాడు నేనొకసారి అడిగితే.

ఆ ఆగడం అతని డోలక్‌లోకి కూడా వచ్చింది. పాట చివరి చరణం అయిపోయి పల్లవి అందుకోబోయే ముందు, అతని చెయ్యి గాలిలో ఆగేది. పాడేవాళ్ళందరికీ ఊపిరి ఆగినట్టయ్యేది. అప్పుడు పడేది దెబ్బ. ఆ దెబ్బతో పల్లవి దానంతట అదే లేచేది.

మహబూబ్‌కి అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. పెళ్ళి కాలేదు. తల్లి ఖాసింబీ, అతను, ఒక పెంకుటిల్లు. తండ్రి యాకూబ్ పీర్ల పండక్కీ పెళ్ళిళ్ళకీ డోలక్ వాయించేవాడట. ఆయన పోయాక ఆ డోలక్ కొన్నేళ్ళు అటక మీద ఉండిపోయింది. ఒక డిసెంబరులో మా చర్చి యువజనులు వెనకగదిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటుంటే, సైకిలు మీద పోతున్న మహబూబ్ కిటికీ దగ్గర ఆగాడు. లోపల రత్నరాజు డోలక్ వాయిస్తున్నాడు. రత్నరాజు మా సంఘపెద్ద గారబ్బాయి. పాట ఒకవైపు పోతుంటే అతని చేతులు ఇంకోవైపు పోయేవి.

"బాబూ, పాట నీకోసం ఆగట్లేదు. నువ్వే దానెంట పోవాల" అన్నాడు మహబూబ్ కిటికీలోంచి.

అందరూ నవ్వారు. రత్నరాజు ఉడుక్కుని, "అంత వచ్చినవాడివి నువ్వే వచ్చి కొట్టు" అన్నాడు. మహబూబ్ వచ్చి కొట్టాడు. మర్నాడు తండ్రి డోలక్ అటక మీంచి దింపి తెచ్చాడు. అప్పటినుంచి ప్రతి డిసెంబరూ అతను మాతోనే. రత్నరాజు తాళాలకి మారాడు.

క్రిస్మస్ ముందు రోజుల్లో మేం కాగితం నక్షత్రంలో దీపం పెట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. మహబూబ్ వీధి మా దారిలోనే. అక్కడ పాడినా పాడకపోయినా ఖాసింబీ అందరికీ టీ పెట్టేది. ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. గ్లాసులు మహబూబ్ అందించేవాడు. "మా వోడు మీతో తిరగటం నాకు పెద్ద ఇష్టమేం లేదమ్మా" అని నాతోనే చెప్పింది ఒకసారి. "మతం గురించి కాదు. వాళ్ళ నాన్న జీవితమంతా ఎవరి పెళ్ళిళ్ళకో వాయించాడు. పెళ్ళికొడుకు పేరు చెప్తారు, వంటోడి పేరు చెప్తారు. వాయించినోడి పేరు ఎవరు చెప్పారు? వీడూ అంతే." ఆవిడ కోపమంతా అదే.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ డిసెంబరులో మేం నక్షత్రం కట్టలేదు. బట్టలు, బియ్యం, గంజి కాచే గంగాళాలు లారీలో వేసుకుని చల్లపల్లి మీదుగా దివిసీమ వెళ్ళాం. యువజన కార్యదర్శి జయానందం ముందుండి నడిపించాడు. అతను హైస్కూల్లో సైన్సు మాస్టారు. మంచి మాటకారి, చక్కగా పాడతాడు. మహబూబ్ షెడ్డు పని మానుకుని వచ్చాడు. డోలక్ తేలేదు. మేం దిగిన పల్లెలో ఇల్లన్నది లేదు, మట్టిలో కూరుకున్న పడవ చెక్కలూ వలలూ తప్ప. మహబూబ్ పగలంతా గంజి మోసేవాడు, ఆ చెక్కలు లాగి గుడిసెలకు గుంజలు పాతేవాడు. జయానందం, అతను ఒకే కంచంలో తినేవారు, ఒకే గోనెపట్టా మీద పడుకునేవారు.

క్రిస్మస్ రోజు సాయంత్రం పోలమ్మ అనే జాలరి ఆవిడ గంజి పోయించుకుంటూ, "మీరు పండగోళ్ళు కదా, పండగ పూట పాడరా?" అంది. ఆవిడ ఇద్దరు పిల్లల్ని సముద్రం తీసుకుపోయింది. మాలో ఎవరూ పాట ఎత్తుకోలేదు. మహబూబ్ ఖాళీ అయిన గంగాళాన్ని ఇసకతో తోమి, బోర్లించి, ముందు కూర్చుని, మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. అప్పుడు పాట వచ్చింది. పోలమ్మ చేతిలో గంజి గిన్నెతో అట్లాగే కూర్చుని విన్నది.

తిరిగివచ్చేటప్పుడు లారీలో జయానందం మహబూబ్ భుజం మీద చెయ్యేసి, "అన్నా, ఇవాళ్టినుంచి నువ్వు మావాడివి. మా పాట ఎక్కడుంటే అక్కడ నీ పేరుంటుంది" అన్నాడు. మేమంతా విన్నాం. మహబూబ్ నవ్వి, "పేరెందుకులే తమ్ముడూ" అన్నాడు గానీ, ఇంటికెళ్ళి ఆ మాట తల్లికి చెప్పాడు.

మరుసటేడు డిసెంబరు మొదట్లో గుడివాడలో జిల్లా యువజనుల పాటల సభ జరిగింది. మా పాట విన్న రేడియో ఆయనొకరు, పండక్కి ముందు ప్రసారం చెయ్యడానికి బెజవాడ వచ్చి పాడమన్నారు. నేను వాల్తేరులో ఎం.ఏ. పరీక్షలు రాసి ఇంటి దగ్గరే ఉన్నాను కాబట్టి వెనకవరసలో గొంతు కలపడానికి నన్నూ తీసుకెళ్ళారు. పాట చివర వాయించినవాళ్ళ పేర్లు కూడా చదువుతారని తెలియగానే మహబూబ్ బస్సులోనే నన్ను పట్టుకున్నాడు.

"అందరి పేర్లూ చదువుతారా చెల్లెమ్మా? డోలక్ వాళ్ళది కూడానా?"

"చదువుతారండీ. నేను రోజూ వింటాను కదా."

"అయితే మా అమ్మ నోరు మూతపడుద్ది" అన్నాడు. దారిపొడుగునా అతని వేళ్ళు ముందుసీటు వెనక కమ్మీ మీద వాయిస్తూనే ఉన్నాయి.

రికార్డింగు గదిలో మేం భయపడుతూనే పాట ఎత్తుకున్నాం. మహబూబ్ చెయ్యి ఆగింది, పడింది. పాట లేచింది. గాజు అద్దం వెనకున్న ఆయన తల ఊపడం చూశాను. తర్వాత పేర్లు చెప్పడానికి జయానందం ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మేం బయట చెట్టుకింద మిరపకాయ బజ్జీలు తిన్నాం.

ప్రసారం రోజు సాయంత్రం ఖాసింబీ నన్ను కూడా పిలిచింది. టీ కొట్టు ఇబ్రహీం కొట్టు మూసి, తన రేడియో తెచ్చి వాళ్ళ అరుగు మీద పెట్టాడు. వీధి వీధంతా చేరింది. మహబూబ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఆడవాళ్ళ వెనక కూర్చున్నాను.

పాట వచ్చింది. చెయ్యి ఆగినచోట ఖాసింబీ కూడా ఊపిరి బిగబట్టింది. దెబ్బ పడగానే "అబ్బా" అంది. పాట అయిపోయింది. పేర్లు మొదలయ్యాయి. పాడినవారు జయానందం బృందం. హార్మోనియం ఫలానా. డోలక్, రత్నరాజు.

తర్వాత వ్యవసాయదారుల కార్యక్రమం వచ్చింది. ఎవరో వరి తెగులు గురించి చెబుతుంటే ఎవరూ కట్టెయ్యలేదు.

"ఏరా, రత్నరాజు అని ఎప్పుడు మార్చుకున్నావు పేరు? మాటమాత్రం చెప్పలేదే!" అన్నాడు ఇబ్రహీం. అతను తేలిక చెయ్యాలనే అన్నాడు. కానీ అందరూ నవ్వారు.

"నేనే వాయించాను" అన్నాడు మహబూబ్.

"అవునమ్మా, ఆయనే. నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

ఖాసింబీ నా వైపు తిరిగింది. "నీ మనసు మంచిది తల్లీ. అయినా రేడియోవోళ్ళకి అబద్ధం చెప్పాల్సిన పనేంటి?" అని కొడుకుతో, "పోన్లేరా. తీసుకెళ్ళారు కదా, అది చాల్లే. లేనిది ఎందుకు చెప్పుకోవాల?" అంది. ఆ మాట ఆవిడ చాలా మెత్తగా అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేం చర్చి ఆవరణలో నక్షత్రానికి కాగితాలు అంటిస్తుంటే మహబూబ్ వచ్చాడు. నేరుగా జయానందం ముందు నిలబడ్డాడు.

"తమ్ముడూ, పేరు తప్పుపడింది."

జయానందం చేతులకంటిన మైదా జిగురు తుడుచుకున్నాడు. "తప్పు కాదన్నా. పెద్దలు అలా చెప్పమన్నారు. చర్చి యువజనుల పాట కదా, అందులో ఆ పేరు వస్తే నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారని. నీకు ముందే చెబుదామనుకున్నా."

"గంగాళం మీద వాయించినప్పుడు అడగలేదుగా ఎవరూ?"

"అన్నా, మనలో మనకి పేర్లేంటి? ఎవరు వాయించారో దేవుడికి తెలియదా?"

"దేవుడికి తెలుసు తమ్ముడూ. మా అమ్మకి తెలియదు."

నక్షత్రం పట్టుకున్నవాళ్ళమంతా తలలు దించుకున్నాం. రత్నరాజు తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మహబూబ్ గొంతు తగ్గించి, "నాకు రేడియోలో మళ్ళీ చదివించక్కర్లేదు. నువ్వొక్కసారి మా ఇంటికొచ్చి, మీవాడే వాయించాడని అమ్మతో చెప్పు. నువ్వు చెప్తే నమ్ముద్ది" అన్నాడు.

"అంతేనా? రేపు సాయంత్రం వస్తానన్నా. మాటిస్తున్నా" అన్నాడు జయానందం. చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు.

మహబూబ్ డోలక్ అప్పటికి చర్చి వెనకగదిలోనే ఉంది. దాన్ని తీసుకుపోలేదు. ఆ మాట మీద నమ్మకంతోనే వదిలి వెళ్ళాడనుకుంటాను.

రేపు వచ్చింది. జయానందం వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మహబూబ్ రెండు సాయంత్రాలూ షెడ్డునుంచి తొందరగా వచ్చి, చేతుల రంగు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. "ఎవరికోసంరా?" అని తల్లి అడిగితే చెప్పాడు. రెండోరోజు ఆవిడ, "ఇదికూడా నువ్వే పుట్టించావట్రా?" అందని, తర్వాత నాతో అన్నాడు. చెబుతూ అతను నా ముఖం చూడలేదు.

పండగ ముందురోజు మహబూబ్ రాకుండానే మేం పాటలకి బయల్దేరాం. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. యాకూబ్ డోలక్ రత్నరాజు మెళ్ళో ఉంది. ఆ వీధి మొదట్లో జయానందం వెనక్కి తిరిగి, "ఇక్కడ ఆగొద్దు. పాడుతూ నడిచెయ్యండి" అన్నాడు.

కానీ ఖాసింబీ వీధిలోనే నిలబడి ఉంది. డోలక్ చప్పుడు దగ్గరకొచ్చేసరికి రెండు చేతులూ చాపింది. ఆవిణ్ణి దాటి ఎవరు వెళ్తారు? ఆగిపోయాం. మహబూబ్ గుమ్మంలో ఉన్నాడు. బయటికి రాలేదు.

"రేడియోలో వాయించిన బాబు ఎవరయ్యా మీలో?"

పక్కవాడు పొడిస్తే రత్నరాజు, "నేనేనండీ" అన్నాడు.

"నీకోసమే నిలబడ్డా బాబూ. చాలా బాగా వాయించావు. మా వోడు నేనే వాయించానని చెప్పుకున్నాడు, పిచ్చోడు. ఏమనుకోకు. ఆ పాట చివర ఒకచోట ఆగుతావే, అది ఒక్కసారి వినిపించు. మా ఆయన ఉంటే మెచ్చుకునేవాడు."

రత్నరాజు జయానందం వైపు చూశాడు. జయానందం నక్షత్రం వైపు చూస్తున్నాడు. తప్పక మేం ఆఖరి చరణం ఎత్తుకున్నాం. పల్లవి ముందు రత్నరాజు ఆగబోయి, భయపడి ముందే కొట్టాడు. కొంతమందిమి అందుకున్నాం, కొంతమంది అందుకోలేదు. పాట చెదిరిపోయింది.

"అది కాదు బాబూ. ఇంకోసారి" అంది ఖాసింబీ.

ఇంకోసారి ఇంకా అన్యాయంగా వచ్చింది.

ఆవిడ ముందుకొచ్చి, తడుముకుంటూ రత్నరాజు చెయ్యి పట్టుకుంది. అరచేతి కిందిభాగం వేళ్ళతో నొక్కి చూసింది. అచ్చు కొట్టి కొట్టి మహబూబ్ చేతికి కాసిన కాయ అక్కడ లేదు. చెయ్యి వదిలేసింది.

"మహబూబ్" అని పిలిచింది. "నువ్వేరా?"

"ఎన్నిసార్లు చెప్పమంటావమ్మా?" అన్నాడతను గుమ్మంలోంచే.

ఆవిడ మా అందరివైపూ తిరిగింది. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూశాం. "ఆ డోలక్ మా ఆయనది. ఇటివ్వండి" అంది. రత్నరాజు మెళ్ళోంచి తీసిచ్చాడు. దాన్ని చంకన పెట్టుకుని, "టీ కాచి పెట్టాను. చల్లారిపోద్ది, తాగి వెళ్ళండి" అని లోపలికి వెళ్ళింది.

మహబూబ్ గ్లాసులు తెచ్చాడు. ఏటా తెచ్చినట్టే పళ్ళెంలో పెట్టుకుని ఒక్కొక్కరికీ అందించాడు. నాకిచ్చినప్పుడు "తీసుకో చెల్లెమ్మా" అన్నాడు. జయానందం దగ్గరకొచ్చి ఆగాడు.

"అన్నా, నేను వద్దామనే అనుకున్నా..." అన్నాడు జయానందం.

"టీ తీసుకోండి జయానందం గారూ" అన్నాడు మహబూబ్.

జయానందం గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు, కింద పెట్టలేదు. ఆ వీధి దాటాక మేం చప్పట్లతో పాడుకుంటూ వెళ్ళాం. పల్లవి దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు ముందుగా అందుకునేవారు.

ఏడాది తిరిగి, ఈ డిసెంబరులో జయానందం మళ్ళీ డోలక్ వాయించడానికి రమ్మని మహబూబ్‌కి కబురు పంపాడు, నా చేతే. నేను షెడ్డు దగ్గరకి వెళ్ళి చెప్పాను. మహబూబ్ అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, ఆగాడు.

"రత్నరాజు గారున్నారుగా చెల్లెమ్మా, రేడియోలో వాయించినాయన. ఆయన్ని పిలుచుకోమను" అని, అప్పుడు కొట్టాడు దెబ్బ.