జానెడు పచ్చ వైరు

"...చెవులు నీ ఒక్కడికే ఉన్నాయా నాన్నా, మాకు లేవా? నాకేం వినబడట్లేదు. అమ్మకీ వినబడట్లేదు."

"మీకు వినబడకపోతే లేనట్టేనా? పిల్లనగ్రోవి ఆగిన చోట విను. జుయ్‌మంటోంది. అదిగో... అదిగో!"

కూతురు స్పీకరు దగ్గర చెవి పెట్టీ పెట్టనట్టు పెట్టి తీసేసింది. "నీ చెవిలోనే జోరీగ దూరిందేమో, చూపించుకో," అంటూ చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఆయనకి అన్నం పెట్టింది ఆ చెవే. అక్కడ అందరూ ఆయన్ని నాడి మేస్త్రి అనేవారు. ఇంజను తిరుగుతుండగా బారు స్క్రూడ్రైవరు మొన ఇనుముకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. "మూడో సిలిండరు, వాల్వు," అనేవాడు. విప్పి చూస్తే మూడోదే అయ్యేది. అలాంటి చెవిలో జోరీగా!

డిపో షెడ్డులో ఉన్నన్నాళ్ళూ రొద తప్ప పాట ఎరగడు. రిటైరయ్యాక కూతురు తన పాత కంప్యూటర్ ముందుగదిలో పెట్టి, దాన్నిండా పాటలు నింపి ఇచ్చింది. మొదట్లో ఏదో ఒకటి మోగితే చాలనుకున్నాడు. వినగా వినగా చెవికి ఆకలి పెరిగింది. సైజు తగ్గించడానికి పిండి పిప్పి చేసిన పాటలు తీసేయించి, నిండుగా ఉన్నవి పెట్టించాడు. స్పీకర్లని గోడకి మూరెడు దూరం జరిపాడు. బల్ల అదరకుండా వాటి కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు వేశాడు. కంప్యూటర్ లోపలి నుంచి వచ్చే ధ్వని పలచగా ఉందని, పాటని ధ్వనిగా మార్చే పని విడిగా చేసే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తెప్పించి బయట తగిలించాడు. అది తగిలించాక వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది. ఆ ఊపిరి వెనకే ఈ దిక్కుమాలిన జుయ్. వైర్లు మార్చాడు, పోలేదు. స్పీకర్లే మార్చాడు, పోలేదు. మూడు నెలలుగా ఇంట్లో ఇదే రభస.

కూతురి మాటల కసికొద్దీ కంప్యూటర్ ఇనప పెట్టెని అరచేత్తో ఒక్కటి చరిచాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

రొద ఆగింది.

చెయ్యి తీశాడు. జుయ్. పెట్టాడు, ఆగింది. వేళ్ళ కింద మాత్రం సన్నగా, చీమలు పాకుతున్నట్టు.

చీమలు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరిదో ఆయనకి తెలుసు.

పదకొండేళ్ళ కిందట ఈ ఇంట్లో దిగినప్పటి నుంచీ భార్య చెబుతూనే ఉండేది, బట్టలుతికే మిషను మీద చెయ్యి వేస్తే చీమలు పాకుతున్నాయండీ అని. ఇంటికి కరెంటు పని చేసింది ఆవిడ తమ్ముడే. వచ్చి, మిషను చుట్టూ ఒకసారి తిరిగి, "మిషను బంగారంలా ఉందక్కా. కరెంటు నీ ఒంట్లోనే ఉంది. మీటరు నీకు బిగించాలి," అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ ఆవిడ కరెంటక్క అయిపోయింది. నరాల బలహీనత అని ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండేళ్ళు పూటకో మాత్ర మింగింది. ఆ మత్తుకి పట్టపగలు గోడ పట్టుకుని నడిచేది. తర్వాత మాత్రలూ మానేసింది, చెప్పడమూ మానేసింది. రబ్బరు చెప్పులేసుకుని ఉతుక్కుంటోంది.

మేస్త్రి ఇంటి కరెంటులో ఏనాడూ వేలు పెట్టలేదు, అది బావమరిది పని. కానీ బస్సులో బాడీకి బిగించిన ఎర్తు పట్టీ వదులైతే రేడియో అచ్చం ఇలాగే మూలుగుతుంది. మెయిన్ కట్టేసి, స్విచ్‌బోర్డు విప్పాడు.

ప్లగ్గు గుచ్చే మూడు కన్నాల్లో పెద్దదానికి పచ్చ వైరు ఉండనే ఉంది. దారి తప్పిన కరెంటుని మనిషి ఒంట్లోకి పోనివ్వకుండా భూమిలోకి దింపేది అదే. కొస ముచ్చటగా మెలితిప్పి స్క్రూ కింద బిగించి ఉంది. గోడ లోపలికి దిగిన రెండో కొస పట్టుకుని లాగాడు. అడ్డం లేకుండా బయటికొచ్చేసింది.

జానెడు ముక్క. అటువైపు ఏమీ లేదు.

ఉతికే మిషను దగ్గర విప్పాడు. ఇంకో జానెడు. వంటింట్లో ఇంకోటి. అన్నానికి పిలవడానికి భార్య వచ్చేసరికి బల్ల మీద తొమ్మిది ముక్కలున్నాయి, ఒకే కొలతకి కోసినట్టు.

"ఏంటండీ అవి?"

"నీ చీమలు," అన్నాడు. పళ్ళు బిగబట్టి, ఎర్తు అంటే ఏమిటో చెప్పాడు.

ఆవిడ ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే నా నరాలు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి."

"రెండేళ్ళు మింగించారు."

"మింగించాను."

అన్నం ఎవరూ తినలేదు. ఫోను చేస్తే సాయంత్రానికి తమ్ముడు వచ్చాడు. "ఏంటి బావా, కచేరీకి పిలిచారా? కరెంటక్కా, టీ పెట్ట..." బల్ల చూసి ఆగిపోయాడు.

"ఇదేంట్రా?" అన్నాడు మేస్త్రి.

"ఎర్తు వైరు బావా."

"ఏ భూమిలోకి పోతోందిరా ఇది? నీ జేబులోకా?"

"అరవకండి. అప్పట్లో మేమంతా అలాగే వేసేవాళ్ళం. గుంత తవ్వాలి, రాగి పలక పాతాలి, ఇంటికో రోజు దండగ. తనిఖీకి వచ్చినాయనకి మూత విప్పగానే పచ్చరంగు కనబడితే చాలు. ఇన్నేళ్ళలో ఎవరికేమైందో చెప్పండి."

"మీ అక్కకి అయింది! గోడలు పట్టుకుని నడిచింది!"

"మాత్రలు మింగమని నేనన్నానా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది మీరు!"

మేస్త్రి స్క్రూడ్రైవరుని బల్లకేసి కొట్టాడు. ఆ మాట నిజమైనందుకు ఇంకా మండింది.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ భార్య లోపలికొచ్చింది. "నేను చీమలన్నప్పుడు నీకు తెలుసు కదూ?"

"అక్కా, అది..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు," అన్నాడు నేల చూస్తూ. "రేపే మనుషుల్ని పెట్టి గుంత తవ్విస్తాను. నీ ఇంటికి చెయ్యనా? ఈ సంగతి మాత్రం వీధిలో పొక్కనివ్వకు. ఈ వరసలో మిగతా ఇరవై రెండిళ్ళూ నేను చేసినవే."

"ఇరవై రెండా?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ తొమ్మిది ముక్కలూ కూరగాయల సంచిలో వేసుకుంది. రబ్బరు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఇప్పుడే వెళ్తున్నాను, ఇరవై రెండిళ్ళకీ," అంది. "ప్రతి ఇంట్లో బట్టలుతికే మనిషిని పిలిచి ఇవి చూపిస్తాను. మీరు ఆ స్క్రూడ్రైవరు పట్టుకుని నా వెనకే రండి."