భూమికి ముందటి రాయి

బోయిగూడ బ్రహ్మచారిది బంగారప్పని చేసే అవుసుల ఇల్లు. తాతల నాటి కొలిమిని అన్నకు వదిలేసి, సికింద్రాబాదులోనే ఒక రాళ్ల పరిశోధనశాలలో కుదురుకున్నాడు. పని చెప్పడానికి సులువే. రాతిముక్కను గాజు పలకకు అంటించి, తిరిగే చక్రం మీద కాగితంకన్నా పలచగా, వెలుగు అవతలికి దూరేదాకా అరగదీయాలి. చేయబోతే మాత్రం తలప్రాణం తోకకు వస్తుంది. ఇరవై ఆరేళ్లలో ఎందరో ఆఫీసర్లు వచ్చారు, పోయారు. ఆయన పలకలకు వంక పెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఎనభై ఏడులో దేవకృప అనే కొత్త శాస్త్రవేత్త గోరంత నల్లరాయి తెచ్చింది. గుంటూరు పిల్ల, మాట మెత్తన.

"ఆకాశం నుంచి పడిందండీ. నాలుగువందల యాభై ఆరు కోట్ల ఏళ్లది. భూమికన్నా ముందు పుట్టింది."

"భూమికన్న ముంగటనా? మరి భూమిల లేవా గిసొంటి రాళ్లు?"

"భూమి పుట్టినప్పుడు అంతా కరిగిపోయింది కదండీ, అప్పటి గుర్తులేవీ మిగల్లేదు. ఇది ఆ ముద్దలో కలవకుండా బయట ఉండిపోయింది. సగమే మీకిస్తున్నాను. ఇంకోటి దొరకదు."

బ్రహ్మచారి దాన్ని కళ్లకు అద్దుకున్నాడు. చిక్కంతా ఆ కళ్లతోనే. ఏడాదిగా పొర కమ్ముతోంది. డాక్టరు దగ్గరికి పోదామని భార్య శారదమ్మ అంటే కసురుకునేవాడు. తెలిస్తే చక్రం ముందు కూర్చోనివ్వరని భయం. వేలికొసలతో తడుముకుంటూ నెట్టుకొస్తున్నాడు, మొండి మనిషి.

ఆ రోజు సూక్ష్మదర్శినిలో చూస్తే అంతా తెల్లటి పొగ. రాయి ఇంకా మందంగా ఉందనుకుని మరొక్క చుట్టు అరగదీశాడు. వేలికింద నున్నగా గాజు తగిలింది. రాయి లేదు.

రాయి గుల్లది, రాలిపోయింది అంటే చాలు, ఆ పిల్ల నమ్ముతుంది. నమ్మి, మిగిలిన సగం కూడా ఈ కళ్లకే అప్పగిస్తుంది. ఆ సంగతి తట్టాక ఇక కూర్చోలేకపోయాడు. ఖాళీ పలక పట్టుకుని ఆమె గదికి వెళ్లాడు.

"అమ్మా, రాయి పోయింది. దాని తప్పు లేదు. నాకు కండ్లు కనవడ్తలేవు. ఏడాదాయె. ఎవ్వరికి చెప్పలే."

దేవకృప ముఖం పాలిపోయింది. "ముందే చెప్పాల్సింది కదండీ!" అంది. ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? మిగిలిన సగం తీసుకుని వచ్చి ఆయన పీట మీద కూర్చుంది.

"నేను అరగదీస్తాను. పక్కన నిలబడి చెప్పండి బ్రహ్మచారి గారూ."

ఆయనకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. చెవి మాత్రం రాయి ఒరుసుకునే చప్పుడు మీదే పెట్టాడు. చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆమె చెయ్యి మరో చుట్టుకు కదిలింది.

"ఆపు బిడ్డా. చాలు."

ఆమె పలక కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "ఉందండీ," అంది. "గుండ్రటి బొట్లు... కరిగి గడ్డకట్టినవి. భూమి లేనప్పటివి." లేచి, ఆయనకు చోటిచ్చింది.

బ్రహ్మచారి వంగలేదు.

"ఎట్లున్నయో నువ్వే చెప్పు తల్లీ," అన్నాడు.