ఎవలికి సెప్తన్నావు?

విజయనగరంలో మా అనువాదాల ఆఫీసుకి పెద్దదిక్కుగా ఒక అక్క ఉండేది. మనం ఒకసారి తెలుగు చేసిన వాక్యాన్ని కంప్యూటరు దాచుకుని, అదే ఇంగ్లీషు మళ్లీ వస్తే అందిస్తుంది. ఆ నిల్వలో ఒకే ఇంగ్లీషు వాక్యానికి రెండు తెలుగులు పడితే ఒకటి తీసేయడం మా ఇద్దరి పని. నేను కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. ఒకే సరుకు రెండుసార్లు ఉంటే అరలో చోటు దండగని నా బాధ. అక్క మాత్రం డిలీట్ మీట మీద వేలు ఆనించి, నొక్కకుండా, "ఎవలికి సెప్తన్నావు?" అనేది.

ఒకసారి తీరంలో ఉండేవాళ్ల ఫోన్లకి తుఫాను హెచ్చరిక గంటలో పంపాలి. ఒక వాక్యానికి రెండు తెలుగులు తేలాయి: "బయటకు వెళ్లవద్దు", "వేటకు వెళ్లవద్దు".

"మొదటిది ఉంచేద్దామక్కా. ఎండకీ పనికొస్తుంది, వానకీ పనికొస్తుంది. ఒక ధరకి రెండు!" అని బేరం పెట్టాను.

"ఎవలికి సెప్తన్నావురా?" అంటూనే అక్క భావనపాడులో ఉన్న వాళ్ల నాన్నకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ఆయన చేపల వేటకి వెళ్లే మనిషి.

"నాన్నా, బయటికెల్లొద్దని మెసేజొస్తే ఏటి సేస్తావు?"

"నానెక్కడికెల్తన్నానే బయటికి? వేటకి పోతన్నాను. పడవలోకి వల ఎక్కించీసినాం."

అక్క రెండో వాక్యం చదివింది.

"అలాగ సెప్పాల గదేటే!" అన్నాడాయన. వెంటనే అవతల ఎవరిమీదో కేకేశాడు. "ఒరే, వల దించీండి! పడవ పైకి లాగీండి!"