ఉలి చేసిన మేలు

నాయనమ్మ చేతికి ఒక సముద్రాన్ని అప్పగించి, నెల రోజులు సరిపెట్టమని చెప్పి చూడండి. నెలాఖరుకి చెరువంత నీళ్లు మిగిల్చి చూపిస్తుంది. పైగా, "ఉప్పు కూడా ఇందులోంచే తీశాను, కొట్లో కొనలేదు" అని దెప్పుతుంది.

నమ్మబుద్ధి కాకపోతే నమ్మక్కర్లేదు. ఈ మాట చెబుతున్నది ఆవిడ మనవరాలు. పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ అవే మార్కులు తెచ్చుకున్న నిలకడ గల మనిషి.

ఆ ఇంట్లో తినే నోళ్లు నాలుగు. నాయనమ్మ, వడ్రంగం పని చేసే ఆవిడ కొడుకు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసే కోడలు, ఏ పనిలోనూ మూడు నెలలు నిలవని మనవరాలు. ప్రతి సోమవారం పొద్దున కొడుకు ఆ వారం ఖర్చు తెచ్చి, పొయ్యి పక్క అలమరలో ఉన్న బిస్కెట్ల రేకు డబ్బాలో పెడతాడు. అక్కణ్ణుంచి ఆదివారం దాకా ఆ డబ్బాకి దేవుడు, పూజారి, కాపలాదారు అన్నీ నాయనమ్మే.

ఆవిడ వంటకి ఒక పద్ధతి ఉంది. ముందు పోయేవాళ్లని ముందు సాగనంపాలి. ఆకుకూరలు సోమవారం, టమాటాలు మంగళవారం, వంకాయలు బుధవారం. క్యాబేజీది గట్టి ప్రాణం, గురువారం దాకా ఆగుతుంది. బంగాళదుంపలు చిరంజీవులు కాబట్టి వాటి వంతు శుక్రవారం. శనివారానికి ఊడ్పు అని పేరు. వారమంతా మిగిలిన కాడలు, సగం టమాటా, పావు క్యాబేజీ, అన్నీ ఒకే గిన్నెలోకి ఊడ్చేస్తుంది. ఆ కూర పేరేంటని ఎవరూ అడగరు. అడిగినవాళ్లకి ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది.

వీటన్నిటికీ పూచీ ఉల్లిపాయ. "కూర చాలకపోతే ఓ ఉల్లిపాయ కోయి, మనిషి ఎక్కువైతే ఇంకోటి కోయి" అంటుంది నాయనమ్మ. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెత ఆవిడ నోట్లో వారానికి ఏడుసార్లు నలుగుతుంది.

ఇక ఆవిడ రాసే సరుకుల చీటీ గురించి చెప్పాలి. నాయనమ్మ చదివింది మూడో తరగతి, కానీ చదివినంత మేరకు గట్టిగానే చదివింది. కాగితం కొనడం దండగని చీటీని బస్సు టికెట్టు వెనక రాస్తుంది. టికెట్టు ఎంతుంటుంది, రెండు వేళ్ల వెడల్పు. మాట కింద ఒత్తు పెడితే ఆ ఒత్తుకి జాగా కావాలి, ఆ జాగాలో ఇంకో సరుకు పడుతుంది. అందుకని ఆవిడ ఒత్తులు మానేసింది. ఉప్పు ఆవిడ చీటీలో ఉపు. పప్పు పపు. బియ్యం బియం. సరుకుల కొట్టాయనకి ఇరవై ఏళ్లుగా అలవాటే. ఆ ఒత్తులేవో తనే తగిలించుకుని తూకం వేస్తాడు.

అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజుల్లో ధరలు పెరిగాయి. ఒకే నెలలో రెండుసార్లు గురువారానికే డబ్బా అడుగు కనిపించింది. రెండోసారి కొడుకు కంచం ముందు కూర్చుని తేల్చేశాడు.

"ఇలా అయితే లాభం లేదమ్మా. మా పనిచోట క్యాంటీన్ ఉంది. నెలకింతని కడితే నలుగురికీ క్యారియర్ పంపుతారు. వచ్చే వారం శనివారం లోపల డబ్బా ఖాళీ అయిందంటే ఇక క్యారియరే."

"క్యారియర్ వస్తే నేనేం చెయ్యాలిరా?"

"హాయిగా కాళ్లు చాపుకుని పడుకో."

"అది పీనుగలు చేసే పని" అంది నాయనమ్మ.

పైకి అలా అన్నా ఆ రాత్రి ఆవిడ అన్నం సగంలోనే వదిలేసింది. మెతుకు వదలడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. గరిటె పోతే ఆ ఇంట్లో తనకి మిగిలేది కిటికీ పక్కన కుర్చీ ఒక్కటేనని ఆవిడకి తెలుసు.

ఆ సోమవారం రానే వచ్చింది. సరిగ్గా ఆరోజే నాయనమ్మ మోకాలు వాచి కూర్చుంది. గత్యంతరం లేక మనవరాలి చేతిలో సంచీ, డబ్బు, టికెట్టు ముక్క పెట్టి పంపింది.

సరుకుల కొట్టాయన మామూలుగానే చెయ్యి చాపాడు. "చీటీ ఇలా ఇవ్వమ్మా."

"అక్కర్లేదు. నాకు చదువొచ్చు" అంది మనవరాలు.

ఆ ముక్క అన్నప్పుడు ఆమె గొంతులో పలికిన గర్వం ముందు మూడుసార్లు పరీక్ష తప్పించిన పంతుళ్లంతా దిగదుడుపే. బియం, పపు, ఉపు, గుడు. ఆ మాటలకి అర్థం లేదు కాబట్టి ఒత్తులు తనే పెట్టుకుని సరుకు అడిగింది. ఆ తర్వాత, "ఉలి 3" అని ఉంది. చీటీ మొత్తంలో తప్పు లేకుండా రాసిన మాట అదొక్కటే కదా అనుకుంది. పైగా పొద్దున్నే తండ్రి, "నా ఉలి అంచు పోయింది, పక్కవాణ్ణి అడుక్కుని పని చేస్తున్నా" అని విసుక్కోవడం ఆమె చెవిన పడింది. అంతే, నేరుగా ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లి మూడు ఉలులు కొనేసింది. ఊరికే కొనలేదు. పదును చూస్తానని కొట్టువాడి బల్ల అంచు చెక్కి మరీ కొంది.

ఇంటికొచ్చి సంచీ బోర్లిస్తే మూడూ ఖంగున పడ్డాయి.

నాయనమ్మ వాటిని చూసింది. టికెట్టు ముక్కని చూసింది. మనవరాలిని చూసింది.

"ఎన్ని విజిళ్లకి ఉడుకుతాయే ఇవి?"

మనవరాలు వాటిని వాపసు ఇద్దామని వెనక్కి పరిగెత్తింది. చెక్కేసిన బల్లని చూపించి కొట్టువాడు దండం పెట్టాడు. "నువ్వు మళ్లీ రాకపోతే అదే పదివేలు తల్లీ" అన్నాడు. వారం డబ్బులో సగం ఉలుల రూపంలో ఉండిపోయింది.

"నాన్నకి చెప్పేద్దాం నాయనమ్మా. ఎలాగూ ఉలి కావాలన్నాడుగా."

"వాడి జేబులో శుక్రవారం కూలి పడేదాకా చిల్లిగవ్వ ఉండదు. ఇవాళ చెబితే ఏమంటాడు? చీటీ రాయడం కూడా చేతకాదు మా అమ్మకి అంటాడు. క్యారియర్ చెప్పేస్తాడు. శుక్రవారం దాకా నోరు కుట్టుకో."

అని ఉలులు మూడింటి అంచులకీ గుడ్డ చుట్టి, బియ్యం డబ్బాలో మోచేతి లోతున పాతిపెట్టింది.

ఆ వారం ఇంట్లో జరిగింది వంట కాదు, గారడీ. ఉడికించిన గుడ్లని దారంతో కోసి, ఒక్కోటి ఇద్దరికి చేసింది. సోమవారం ఉడికిన పప్పు మంగళవారానికి నీళ్లు పోసుకుని పలచబడింది, బుధవారానికి వంకాయల్లో దూరింది. బంగాళదుంప తొక్కలు వేయించి, "ఇవి కరకరలాడతాయి, పెద్ద హోటళ్లలో ఇవే పెడతారు" అని నమ్మబలికింది. మనవరాలికి శిక్ష వేరే పడింది. మార్కెట్ మూసే వేళకి వెళ్లి, క్యాబేజీ పైరేకులు, ఒత్తుకుపోయిన టమాటాలు బేరమాడి తేవాలి. "ఆవు ఉందా మీ ఇంట్లో?" అని అడిగింది కూరగాయలామె. "ఉంది, పదో తరగతి తప్పింది" అని చెప్పి తెచ్చుకుంది మనవరాలు.

బుధవారం కోడలు కూర కలుపుకుంటూ ఆగింది. "అత్తయ్యా, దీంట్లో ఉల్లిపాయ కనిపించట్లేదు."

"డాక్టరు వద్దన్నాడు."

"ఎవరికి?"

"మీ అందరికీ."

కోడలు అత్తగారి ముఖం వైపు, ఆ తర్వాత తల దించుకున్న కూతురి వైపు చూసి, కూర కలుపుకుని తినేసింది. మర్నాడు ఆసుపత్రి నుంచి వస్తూ రెండు ఉల్లిపాయలు కొంగున కట్టుకొచ్చి గూట్లో పెట్టింది.

శుక్రవారం సాయంత్రానికి డబ్బాలో ఒక్క నాణెం ఉంది. శనివారం ఊడ్చడానికి కూడా ఇంట్లో ఏమీ మిగల్లేదు. కొడుకు ఇంట్లోకి వస్తూనే సంచీ విసిరాడు.

"రేపు తలుపుల పని ఉంది. పక్కవాడు ఉలి ఇవ్వనన్నాడు. పొద్దున్నే కొట్టు తీయించి కొనాలి."

"ఎంత పెట్టి కొంటావురా?" అంది నాయనమ్మ, ఏదో మాటవరసకి అడిగినట్టు. కొడుకు ధర చెప్పాడు. ఆవిడ లేచి, కుంటుకుంటూ వెళ్లి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఉలి బయటికి లాగింది. పిడికి రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

కొడుకు నోరు తెరిచాడు. "బియ్యంలో ఉలేంటమ్మా?"

"పురుగు పట్టకుండా."

అతను కూతురి వైపు చూశాడు. ఇంత గొప్ప పని ఎవరు చేసి ఉంటారో ఆ ఇంట్లో ఊహించడం కష్టం కాదు. కూతురు టికెట్టు ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. చదివి, ఇంకోసారి చదివి, గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత డబ్బు తీసి ఇచ్చాడు. నాయనమ్మ లెక్క చూసుకుని డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఇది తొండి అమ్మా."

"శనివారం లోపల డబ్బా ఖాళీ కాకూడదన్నావు. అయిందా?"

"కాలేదు."

"మరి క్యారియర్?"

"వద్దులే. క్యాంటీన్‌లో పురుగు పట్టకుండా ఏం వేస్తారో ఏమో." లేవబోయి ఆగాడు. "లోపల ఇంకా ఉన్నాయా?"

"రెండు. తొందరేం లేదు, ధర పెరగనీ."

శనివారం నాయనమ్మ మోకాలికి గుడ్డ కట్టుకుని తనే కొట్టుకి వెళ్లి ఉల్లిపాయలు తెచ్చింది. ఆరోజు ఊడ్పు కూరలో ఊడ్చినదేదీ లేకపోయినా అందరూ రెండోసారి వేయించుకున్నారు. ఉలి చేసిన మేలు తల్లి కూడా చేయదని కొడుకు అంటే, తల్లి గరిటెతో అతని చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

ఇదంతా మనవరాలు ఆరు కాగితాల మీద కష్టపడి రాసింది. తెలిసిన ఒత్తులన్నీ పెట్టింది, తెలియనివి కూడా రెండు పెట్టింది. పప్పు ఏరుకుంటున్న నాయనమ్మ పక్కన కూర్చుని, సముద్రం దగ్గర్నుంచి చివరిదాకా చదివి వినిపించింది. ఎలా ఉంది నాయనమ్మా అని అడిగింది.

నాయనమ్మ కాగితాలు అందుకుని తిరగేసి చూసింది.

"ఆ ఒత్తులు తీసేసి ఉంటే మూడు కాగితాల్లో అయిపోయేది. వెనకవైపు ఖాళీగానే ఉందిగా, ఇలా తే, సరుకులు రాసుకోవాలి."